యూనిట్ - 11 : సైన్స్ ఫిక్షన్ టెలివిజన్‌లో వార్ధక్యం, కారుణ్య మరణం

11.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• వార్ధక్యం, మరణం వంటి అంశాలను సైన్స్ ఫిక్షన్ ఏ పద్ధతిలో చర్చిస్తుందో వివరించగలుగుతారు.
• ‘హాఫ్ ఎ లైఫ్’ అనే టెలివిజన్ కథను విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.
• కారుణ్య మరణానికీ, వయసును బట్టి విధించే మరణానికీ గల తేడాను గుర్తించగలుగుతారు.
• మరో రెండు కథలతో పోల్చి మీ సొంత అభిప్రాయాన్ని కారణాలతో రాయగలుగుతారు.

11.1 పరిచయం

మన ఇళ్లలో అరవై ఏళ్లు నిండితే షష్టిపూర్తి చేస్తాం. ప్రభవ నుంచి అక్షయ వరకు అరవై సంవత్సరాల పేర్లు ఒక చుట్టు తిరిగి, మనిషి తాను పుట్టిన సంవత్సరానికే మళ్లీ వచ్చాడని లెక్క. పిల్లలు దగ్గరుండి తల్లిదండ్రులకు మళ్లీ పెళ్లి చేస్తారు. సరిగ్గా అదే అరవయ్యో పుట్టినరోజుకు పిల్లలు, బంధువులు అందరూ చేరి, వేడుక చేసి, ఆ మనిషిని చావుకు సాగనంపే లోకం ఒకటి ఉంటే ఎలా ఉంటుంది? 1991 మే నెలలో అమెరికాలో ప్రసారమైన ఒక టెలివిజన్ కథ ఈ ప్రశ్న వేసింది. ఆ కథే ఈ యూనిట్‌కు ఆధారం.

సైన్స్ ఫిక్షన్ అనగానే రాకెట్లు, రోబోలు గుర్తుకు వస్తాయి. కానీ ఈ ప్రక్రియకు ఒక ప్రత్యేకమైన పద్ధతి ఉంది. అది లోకంలోని ఒక్క నియమాన్ని మారుస్తుంది. మనుషులను మాత్రం మనలాగే ఉంచుతుంది. అప్పుడు ఆ మనుషులు ఏం చేస్తారో చూస్తుంది. వాస్తవిక కథలో ఒక వృద్ధుడి మరణం గురించి రాస్తే ఆసుపత్రి, ఖర్చు, నొప్పి, ఆస్తి పంపకాలు అన్నీ కలిసి వస్తాయి. ఏ కారణం ఎంత బరువు తూగుతుందో విడదీసి చూడటం కష్టం. సైన్స్ ఫిక్షన్ కొన్నింటిని పక్కకు తీసి, ఒక్క ప్రశ్నను ముందు పెట్టగలదు.

టెలివిజన్‌కు మరో సౌలభ్యం ఉంది. అది ఇంట్లోకి వస్తుంది. తాత, కూతురు, మనవడు ఒకే గదిలో కూర్చుని చూసే అవకాశం ఉన్న మాధ్యమం అది. వృద్ధుల మరణం గురించిన కథను వృద్ధులు, వారిని చూసుకునేవారు పక్కపక్కనే కూర్చుని చూడటం చిన్న విషయం కాదు.

ఈ యూనిట్‌లో మూడు కథలను పరిశీలిస్తాం. మూడూ మరణించే హక్కు గురించిన వాదనగా మొదలవుతాయి. మూడింటిలోనూ నిర్ణయం మాత్రం వాదనలో తేలదు. బిడ్డ ఎదుట తేలుతుంది. ఎందుకలా జరుగుతుందన్నదే మనం తెలుసుకోవలసిన ముఖ్య విషయం.

11.2 కొన్ని పదాలు, వాటి నేపథ్యం

చర్చకు ముందు పదాలను స్పష్టం చేసుకుందాం. నయం కాని జబ్బుతో బాధపడుతున్న వ్యక్తిని ఆ బాధ నుంచి విముక్తి చేసే ఉద్దేశంతో మరణాన్ని కలిగించడం లేదా రానివ్వడం కారుణ్య మరణం. మందు ఇచ్చి ప్రాణం తీస్తే అది సక్రియ కారుణ్య మరణం. ప్రాణాన్ని కృత్రిమంగా నిలబెడుతున్న చికిత్సను ఆపితే అది నిష్క్రియ కారుణ్య మరణం. వైద్యుడు మందు సమకూర్చగా రోగి తానే తీసుకుంటే దాన్ని వైద్య సహాయంతో మరణం అంటారు. స్వచ్ఛంద కారుణ్య మరణంలో రెండు అంశాలు ప్రధానం: బాధ, ఆ వ్యక్తి కోరిక.

‘హాఫ్ ఎ లైఫ్’ వచ్చిన కాలంలో అమెరికాలో ఈ చర్చ వేడిగా ఉంది. 1990 జూన్‌లో నాన్సీ క్రూజన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. స్పృహలో లేని రోగి చికిత్సను ఆపాలంటే ఆ రోగి అలా కోరుకున్నట్టు స్పష్టమైన సాక్ష్యం కావాలని అడిగే అధికారం రాష్ట్రాలకు ఉందన్నది. అదే నెలలో మిషిగన్‌లో డాక్టర్ జాక్ కెవోర్కియన్ ఒక రోగి మరణానికి తొలిసారి సహాయపడి సంచలనం సృష్టించాడు. 1994లో ఒరెగన్ ఓటర్లు వైద్య సహాయంతో మరణాన్ని అనుమతించే చట్టాన్ని ఆమోదించారు. ఈ చర్చలో తరచు వినిపించిన భయం ఒకటుంది. ఈరోజు హక్కుగా ఇచ్చినది రేపు వృద్ధులకు బాధ్యతగా మారదా? ‘హాఫ్ ఎ లైఫ్’ ఆ భయాన్ని చివరిదాకా సాగదీసి చూపిన కథ.

11.3 ‘హాఫ్ ఎ లైఫ్’ : కథ

‘హాఫ్ ఎ లైఫ్’ అంటే ‘సగం జీవితం’. ‘స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్’ ధారావాహిక నాలుగో సీజన్‌లో ఇది 22వ భాగం. స్క్రీన్‌ప్లే పీటర్ అలన్ ఫీల్డ్స్‌ది, దర్శకత్వం లెస్ లాండావ్‌ది. ఈ ధారావాహికలో ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌక లోకాలు తిరుగుతుంటుంది. పికార్డ్ దాని కెప్టెన్. ఇతర లోకాల ఆంతరంగిక వ్యవహారాల్లో తలదూర్చకూడదనేది ఆ నౌక పాటించే ప్రధాన నియమం.

కేలాన్ అనే గ్రహానికి వెలుగునిచ్చే సూర్యుడు ఆరిపోతున్నాడు. దాన్ని బతికించే మార్గం కోసం జీవితమంతా వెచ్చించిన శాస్త్రవేత్త టిమిసిన్ నౌక మీదికి వస్తాడు. అలాంటిదే మరో నక్షత్రం మీద ప్రయోగం చేస్తారు. అది విఫలమవుతుంది. నౌక మీద అతనికి లక్సానా ట్రాయ్ పరిచయమవుతుంది. నౌకలో పనిచేసే డియానాకు ఆమె తల్లి, భర్తను పోగొట్టుకున్న స్త్రీ. ఇద్దరూ దగ్గరవుతారు. అప్పుడు ఆమెకు అసలు సంగతి తెలుస్తుంది. కొద్ది రోజుల్లో టిమిసిన్‌కు అరవై నిండుతాయి. కేలాన్ ఆచారం ప్రకారం అతను ‘రిజల్యూషన్’ అనే క్రతువులో ప్రాణం విడవాలి. అతనికి ఏ జబ్బూ లేదు.

లక్సానా పికార్డ్‌ను బతిమాలుతుంది. నియమం అడ్డు వచ్చి అతను కలగజేసుకోడు. ఇంతలో విఫలమైన ప్రయోగం వివరాల్లో టిమిసిన్‌కు కొత్త దారి కనిపిస్తుంది. పూర్తి చేయడానికి కాలం కావాలి. అతను నౌకలో ఆశ్రయం కోరతాడు, పికార్డ్ ఇస్తాడు. కేలాన్ ప్రభుత్వం యుద్ధనౌకలు పంపుతుంది. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకొకటి: ఆచారాన్ని మీరిన మనిషి పరిశోధనను తాము స్వీకరించబోమంటుంది. తరువాత టిమిసిన్ కూతురు డారా వస్తుంది. ఆమెతో మాట్లాడాక అతను తిరిగి వెళ్లడానికి నిశ్చయించుకుంటాడు. ఆత్మీయులు దగ్గర ఉండటం కూడా ఆ ఆచారంలో భాగమే. లక్సానా అతని చేయి పట్టుకుని వెంట వెళుతుంది. కథ అక్కడ ముగుస్తుంది.

11.4 కొలత ఎవరిది?

ఈ కథలో మొదట గమనించవలసిన విషయం, కేలాన్ ప్రజలు క్రూరులు కారు. ఆచారం ఎలా పుట్టిందో టిమిసిన్ చెబుతాడు. పూర్వం వాళ్ల లోకంలో ముసలివాళ్లను ఒకచోట చేర్చి, చావు కోసం ఎదురుచూడమని వదిలేసేవారు. ఆ దుస్థితి చూడలేకే ఈ ఆచారం తెచ్చారు. అంటే ఇది పుట్టింది జాలిలోంచి. అందరికీ ఒకే వయసు ఎందుకన్న ప్రశ్నకూ జవాబుంది. ఫలానావారు ఇంకా పనికొస్తారు, ఫలానావారు పనికిరారు అని ఒక్కొక్కరినీ తూచడం మరింత నిర్దయ. కాబట్టి అందరికీ ఒకే గీత.

ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయకండి. మన ఉద్యోగ విరమణ నియమం కూడా ఈ తర్కం మీదే నడుస్తుంది. ఎవరి శక్తి ఎంత ఉందో పరీక్షించకుండా పుట్టినతేదీని చూసి పంపిస్తాం. నేనూ అలాగే పదవీ విరమణ చేశాను. పదవికి పెట్టిన గీతను ప్రాణానికి పెడితే ఏమవుతుందో కథ చూపుతుంది. వార్ధక్యం ఒంట్లో వచ్చే మార్పు మాత్రమే కాదు, సమాజం వేసే లెక్క కూడా అని దీని ద్వారా మనకు అర్థమవుతుంది.

లక్సానా జవాబు సూటిగా ఉంటుంది. పిల్లలు నిస్సహాయంగా ఉన్నప్పుడు పెద్దలు సాకారు. పెద్దలు నిస్సహాయులైనప్పుడు పిల్లలు సాకాలి. అది భారం కాదు, వరుస. మామూలుగా ఈ ధారావాహికలో లక్సానా నవ్వు పుట్టించే పాత్ర. తనకు వయసు మీద పడటం గురించి ఉన్న భయాన్ని ఆమె ఇక్కడ దాచుకోకుండా చెప్పుకుంటుంది. అందుకే ఆమె మాట పాఠం చెప్పినట్టు ఉండదు.

అయితే కథలో ఒక బలహీనత ఉంది. టిమిసిన్ తన లోకాన్ని కాపాడగల శాస్త్రవేత్త. కాబట్టి అతను చనిపోతే అందరికీ నష్టమని ప్రేక్షకుడు వెంటనే ఒప్పుకుంటాడు. అతను శాస్త్రవేత్త కాకుండా, ఏ పనీ చేయలేక అరుగు మీద కూర్చున్న సాధారణ వృద్ధుడైతే? ఉపయోగం ఉన్నవాడిని బతకనివ్వాలి అనే వాదన, ఉపయోగం లేనివాడి విషయంలో నోరు మెదపదు. కేలాన్ ఆచారం మనిషిని పుట్టినతేదీతో కొలిస్తే, ఈ వాదన పనితనంతో కొలుస్తుంది. రెండు కొలతలూ ఆ మనిషికి బయటివే. కథ ఈ చిక్కును పూర్తిగా గుర్తించినట్టు కనిపించదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
సూచన: మీ జవాబును నాలుగైదు వాక్యాలలో రాసి, పై భాగంతో పోల్చి చూసుకోండి.
1. కేలాన్ ఆచారాన్ని కారుణ్య మరణం అనవచ్చా? మీ జవాబుకు కారణం రాయండి.

11.5 కూతురి రాక

టిమిసిన్ యుద్ధనౌకలకు లొంగలేదు. వాదనకూ లొంగలేదు. డారాకు లొంగాడు. ఆమె తండ్రిని బెదిరించడానికి రాలేదు. తండ్రి అంటే ఆమెకు ప్రాణం. ఆయన చేసిన పనికి సిగ్గుపడుతున్నానని ఏడుస్తూ చెబుతుంది. తల్లి సమాధి పక్కన ఉండవలసిన ఆయన ఎక్కడో పరాయి చోట చనిపోతాడన్న ఊహను భరించలేనంటుంది. ఆ మాట తరువాత టిమిసిన్ వాదన ఆగిపోతుంది.

ఇది స్వచ్ఛంద నిర్ణయమా, కాదా? పైకి చూస్తే అతన్ని ఎవరూ బలవంతంగా తీసుకెళ్లలేదు. కానీ తాను బతికి ఉండటం కూతురికి తలవంపు అని తెలిశాక మనిషికి మిగిలే స్వేచ్ఛ ఎంత? చట్టం రోగి సంతకం ఉందా, వైద్యుడి ధ్రువీకరణ ఉందా అని అడగగలదు. ఆ సంతకం వెనుక ఎవరి ముఖం ఉందో అడగడం చట్టానికి కష్టం. అక్కడ కథకు పని ఉంటుంది.

ఒకసారి సంపర్క తరగతిలో ఈ కథ చెప్పి, ఎవరు చేసింది తప్పు అని అడిగాను. చిన్న వయసు విద్యార్థులందరూ డారాను తప్పుపట్టారు. వెనక వరుసలో కూర్చున్న, యాభై దాటిన ఒక విద్యార్థిని మాత్రం, ‘‘ఆ అమ్మాయి మీద నాకు కోపం రాలేదు సార్. ఆమెకు వేరే రకంగా ప్రేమించడం ఎవరూ నేర్పలేదు’’ అన్నారు. మంచం పట్టిన అత్తగారిని ఇంట్లో చూసుకుంటూ చదువుకుంటున్న మనిషి ఆమె. ఈ కథ మీద నేను విన్న మంచి విమర్శల్లో అదొకటి. ఆచారం ఒక నియమంగా ఉన్నంతకాలం దాన్ని ఎదిరించవచ్చు. అది ప్రేమించే పద్ధతిగా మారిపోయాక ఎదిరించడం కష్టం.

ముగింపును కూడా ఈ దృష్టితో చూడండి. లక్సానా ఆచారాన్ని ఒప్పుకోలేదు. అయినా అతన్ని ఒంటరిగా వదలలేదు. ఒక నిర్ణయాన్ని అంగీకరించడం, ఆ నిర్ణయం తీసుకున్న మనిషికి తోడుగా నిలవడం రెండు వేరు వేరు పనులని ఆ చివరి దృశ్యం చెబుతుంది.

11.6 పోలిక : మరో రెండు కథలు

‘ఎథిక్స్’ (1992) : ఇదీ అదే ధారావాహికలోనిది, అయిదో సీజన్‌లో వచ్చింది. వోర్ఫ్ అనే యోధుడికి ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని కాళ్లు పడిపోతాయి. తన జాతి సంప్రదాయం ప్రకారం ఇలా బతకడం అవమానమని, చావుకు సహాయపడమని మిత్రుడు రైకర్‌ను అడుగుతాడు. రైకర్ ఆ సంప్రదాయాన్ని చదివి వస్తాడు. ఆ సహాయం చేయవలసింది కొడుకు అని అందులో ఉంది. వోర్ఫ్ కొడుకు అలెగ్జాండర్ చిన్నపిల్లవాడు. మిత్రుడిని అడగగలిగిన మాటను వోర్ఫ్ కొడుకును అడగలేకపోతాడు. చివరికి ప్రమాదకరమైన శస్త్రచికిత్సకు సిద్ధపడి బతుకుతాడు. ఇక్కడ వార్ధక్యం లేదు, వైకల్యం ఉంది. కానీ మలుపు మాత్రం బిడ్డ దగ్గరే వచ్చింది. డారా మాట విని టిమిసిన్ చావుకు వెళ్లాడు. అలెగ్జాండర్‌ను తలచుకుని వోర్ఫ్ చావు నుంచి వెనక్కి వచ్చాడు.

‘శాన్ జునిపెరో’ (2016) : ‘బ్లాక్ మిర్రర్’ మూడో సీజన్‌లోని ఈ కథను చార్లీ బ్రూకర్ రాశాడు, ఓవెన్ హారిస్ దర్శకత్వం వహించాడు. 2017లో దీనికి ఉత్తమ టెలివిజన్ చిత్రంగాను, రచనకు గాను ఎమ్మీ అవార్డులు వచ్చాయి. ఇందులో వృద్ధులు, మరణశయ్య మీద ఉన్నవారు తమ మనసును కంప్యూటర్ సృష్టించిన ఊరికి పంపి, అక్కడ యౌవనంలో తిరగవచ్చు. వారానికి కొన్ని గంటలు మాత్రమే అనుమతి. మరణించాక కావాలంటే అక్కడే శాశ్వతంగా ఉండిపోవచ్చు. యోర్కీ ఇరవయ్యొకటో ఏట ప్రమాదంలో కదలలేని స్థితికి చేరి, నలభై ఏళ్లకు పైగా మంచంలోనే ఉన్న స్త్రీ. కెల్లీ క్యాన్సర్‌తో చివరి రోజులు గడుపుతున్న స్త్రీ. ఆ ఊళ్లో ఇద్దరూ ప్రేమించుకుంటారు.

కేలాన్‌లో లేనివన్నీ ఇక్కడ ఉన్నాయి. జబ్బు ఉంది, కోరిక ఉంది, చట్టం అనుమతి ఉంది. అయినా యోర్కీ మరణానికి కుటుంబసభ్యుల సంతకం కావాలి. కన్నవాళ్లు ఒప్పుకోరు. అందుకని కెల్లీ ఆమెను పెళ్లి చేసుకుని సంతకం పెడుతుంది. తన వంతు వచ్చేసరికి కెల్లీ ఆగిపోతుంది. ఆమె కూతురు ఈ సాంకేతికత రాకముందే చనిపోయింది. కూతురికి దక్కనిది తనకూ వద్దని భర్త సహజంగానే మరణించాడు. నలభై తొమ్మిదేళ్లు కలిసి బతికిన మనిషినీ, కన్నబిడ్డనూ వదిలి తాను ఎలా వెళ్లాలి? చివరికి ఆమె వెళుతుంది. ఆమె శరీరాన్ని మాత్రం భర్త, కూతురి పక్కనే పాతిపెడతారు.

టిమిసిన్ కథలోలాగే ఇక్కడా సమాధి స్థలం కీలకమైంది. ఎవరి పక్కన పడుకోవాలన్న ప్రశ్న, ఎవరికి చెందినవాళ్లం అన్న ప్రశ్నకు మరో రూపం. చావును ఎంత సులభం చేసినా, ఎంత మధురం చేసినా ఆ ప్రశ్న మాత్రం తేలిక కాలేదు.

11.7 ఈ కథల పరిమితులు

విమర్శకుడు కథలో ఉన్నదాన్నే కాక లేనిదాన్ని కూడా చూడాలి. ఈ మూడు కథల్లోనూ సంరక్షణ చేసే మనిషి శ్రమ దాదాపు కనిపించదు. వృద్ధులను ఒకచోట వదిలేసిన పాత రోజుల గురించి టిమిసిన్ చెబుతాడు. కానీ ఆ వసతులను బాగుచేయవచ్చు కదా అన్న ప్రశ్న కథలో బలంగా వినిపించదు. దిక్కులేకుండా బతకడం లేదా చావడం అన్న రెండే దారులు చూపితే, మూడో దారి అయిన మంచి సంరక్షణ మరుగున పడుతుంది. ‘శాన్ జునిపెరో’లో ఆ మాయా ఊరికి వెళ్లడానికి ఎంత ఖర్చవుతుందో, డబ్బు లేనివారి సంగతేమిటో కథ చెప్పదు. పేదరికం లేని లోకంలో మరణం గురించి చర్చించడం సులభం.

11.8 మన సందర్భం

ఇవి అమెరికా, బ్రిటన్ రచయితల కథలు. వాటి ప్రశ్న మాత్రం మనకు దూరం కాదు. తమిళనాడు దక్షిణ జిల్లాల్లో ‘తలైక్కూత్తల్’ పేరుతో మంచం పట్టిన వృద్ధుల ప్రాణాన్ని సొంత కుటుంబమే తీసే ఆచారం గురించి పత్రికలు రాశాయి. చట్టం దృష్టిలో అది హత్య. కేలాన్ కేవలం కల్పన అని అనుకోవడానికి వీలులేదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

మన చట్టం వేరే మార్గంలో నడిచింది. 2011లో అరుణా శాన్‌బాగ్ కేసులో సుప్రీంకోర్టు నిష్క్రియ కారుణ్య మరణాన్ని షరతులతో అనుమతించింది. 2018లో కామన్ కాజ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, గౌరవంగా మరణించే హక్కు 21వ అధికరణలో భాగమని చెప్పింది. స్పృహలో ఉన్నప్పుడే తన చివరి చికిత్స గురించి రాసి ఉంచే లివింగ్ విల్‌ను గుర్తించింది. 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది. సక్రియ కారుణ్య మరణం మాత్రం నేటికీ నేరమే. ఇక్కడ వయసు ప్రసక్తి లేదని గమనించండి. చట్టం చూసేది రోగి స్థితిని, రోగి కోరికను.

మా నాన్నగారి చివరి రోజుల్లో, వెంటిలేటర్ పెట్టాలా వద్దా అన్న కాగితం మీద సంతకం చేయవలసినవాణ్ణి నేనే అయ్యాను. వైద్యులు ఓపికగానే వివరించారు. కానీ ఆయనకు ఏది ఇష్టమో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అడగడం అశుభమని మేమెవరం ఎప్పుడూ అడగలేదు. ఆ కాగితం మీద నేను రాసింది ఆయన నిర్ణయమా, నా నిర్ణయమా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. ఈ కథలను పాఠంగా చెప్పడం మొదలుపెట్టింది ఆ తరువాతే. టిమిసిన్, డారా ఆ నౌకలో ఒకరి ముఖం ఒకరు చూస్తూ మాట్లాడుకున్నారు. వాళ్లు చేరిన ముగింపు మనకు నచ్చకపోవచ్చు. కానీ ఆ సంభాషణ జరిగింది. మన ఇళ్లలో అదే జరగదు.

11.9 సారాంశం

సైన్స్ ఫిక్షన్ ఒక నియమాన్ని మార్చి మనిషిని పరీక్షిస్తుంది. ‘హాఫ్ ఎ లైఫ్’ వయసును మరణానికి కొలతగా పెట్టి, జాలిలోంచి పుట్టిన ఆచారం కూడా మనిషిని నలిపేయగలదని చూపింది. అది స్వచ్ఛంద కారుణ్య మరణం కాదు. హక్కు బాధ్యతగా మారితే ఏమవుతుందన్న భయానికి రూపం. ‘ఎథిక్స్’, ‘శాన్ జునిపెరో’ కథలతో పోల్చితే, మూడింటిలోనూ నిర్ణయాన్ని మలుపు తిప్పింది బిడ్డతో ఉన్న బంధమే అని తెలుస్తుంది. మరణం గురించిన నిర్ణయంలో కోరిక ఎవరిది, ఆ కోరిక మీద ఎవరి నీడ ఉంది అన్న రెండు ప్రశ్నలనూ కలిపి అడగాలని ఈ కథలు నేర్పుతాయి.

11.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ‘హాఫ్ ఎ లైఫ్’ కథలో టిమిసిన్, లక్సానా వాదనలను వివరించి, వాటి బలాబలాలను చర్చించండి.
2. ‘హాఫ్ ఎ లైఫ్’, ‘శాన్ జునిపెరో’ కథలలో కుటుంబ బంధం నిర్వహించిన పాత్రను పోల్చండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సక్రియ, నిష్క్రియ కారుణ్య మరణాల మధ్య తేడా ఏమిటి?
2. టిమిసిన్ శాస్త్రవేత్త కావడం కథకు బలమా, బలహీనతా?
3. మీ ఇంట్లోని ఒక పెద్దవారికి ‘హాఫ్ ఎ లైఫ్’ కథ చెప్పండి. వారు ఎవరి పక్షం వహించారో, ఎందుకో రాయండి.